బ్రోచర్‌లో బయోఫిలిక్, కింది ఫ్లాట్‌లో చెమ్మ

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ బ్రోచర్ తెరిచినా నాలుగు మాటలు తప్పవు: ఐకానిక్, టైమ్‌లెస్, సస్టెయినబుల్, బయోఫిలిక్. మొదటి రెండింటికీ ఎవరూ హామీ ఇవ్వక్కర్లేదు, కాబట్టి వదిలేద్దాం. తర్వాతి రెండింటికీ మాత్రం లెక్కలున్నాయి. అడిగేవాళ్లే లేరు.

బయోఫిలిక్ అంటే ప్రకృతిని ఇంట్లోకి తెచ్చే డిజైన్. మన బిల్డర్ల దృష్టిలో మాత్రం బాల్కనీకో చెట్టు. ఇటలీలోని మిలాన్‌లో 2014లో పూర్తయిన, బాల్కనీల నిండా చెట్లున్న బోస్కో వెర్టికాలె టవర్ల ఫొటోలు చూశాక అందరికీ ఆశ పుట్టింది. అక్కడ చెట్ల బరువు ముందే లెక్కగట్టి బాల్కనీలు పోశారు, చెట్లు గాలికి తట్టుకుంటాయో లేదో విండ్ టన్నెల్‌లో చూశారు. కొమ్మలు కొట్టడానికి తోటమాలులు పైనుంచి తాళ్లు కట్టుకుని దిగుతారు. ఇక్కడ భవనాల మీద పడే బరువులకు మన ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం ఇళ్ల బాల్కనీకి పట్టే లైవ్ లోడ్, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకు దాదాపు 300 కిలోలు. అడుగున్నర మట్టి బాగా తడిస్తే అదే జాగాలో 800 కిలోలు. తొట్టి గోడలు, చెట్టు అదనం. స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో ఈ బరువు విడిగా కనిపించకపోతే ఆ చెట్టు రెండర్‌లో, అంటే కంప్యూటర్ బొమ్మలోనే, పెరుగుతుంది. మొండిగా పెడితే స్లాబ్ అంచు కిందికి దిగి, అది గోడను కలిసే చోట పైవైపు పగులు పడుతుంది.

బరువు సంగతి తేలాక నీళ్లు. తొట్టి అడుగున నీళ్లు పోయే గొట్టం వైపు వందకు ఒకటి వాలు ఉండాలి. మూలల్ని సిమెంటుతో గుండ్రం చేసి, వాటర్‌ప్రూఫింగ్‌ను మట్టి మట్టానికి ఆరంగుళాల పైదాకా తీసుకెళ్లాలి. 48 గంటలు నీళ్లు నిలిపి కింది సీలింగ్ చూడాలి. ఆ తర్వాతే వేళ్లు దిగకుండా ఆపే రూట్ బారియర్, గులకరాళ్లు, నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన మట్టి. డబ్బు మిగల్చాలని ముందుగా ఎగ్గొట్టేది ఆ గుడ్డనే. మట్టి కిందికి జారి గొట్టం పూడుకుపోతుంది, నీళ్లు నిలుస్తాయి, కింది ఫ్లాట్ సీలింగ్‌కు పొక్కులు లేస్తాయి. అప్పుడు అసోసియేషన్ మీటింగ్‌లో చెట్లు పీకేద్దామని తీర్మానం.

ఇక సస్టెయినబుల్. ఇదే ఊళ్లో 2003లో అమెరికా బయట తొలి లీడ్ ప్లాటినం (హరిత భవనాలకిచ్చే అమెరికా రేటింగ్‌లో అత్యున్నత స్థాయి) తెచ్చుకున్న గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. మధ్యలో ముంగిలి, జాలీ గోడలు, గాలి గోపురాలు, పైకప్పు మీద పచ్చిక. ఇప్పుడు అదే మాట నేల నుంచి కప్పుదాకా గ్లాసున్న ఆఫీసుకూ వాడుతున్నారు! ఆఫీసుల వంటి భవనాల కోసం రాసిన ఇంధన పొదుపు నియమావళి ఈసీబీసీ 2017 సాధారణ పద్ధతిలో గోడలో గ్లాసు 40 శాతం దాటకూడదు. ఉత్తరం తప్ప మిగతా దిక్కుల్లో గ్లాసు లోపలికి పంపే ఎండ వేడి వాటా, అంటే ఎస్‌హెచ్‌జీసీ, 0.27 మించకూడదు. మామూలు క్లియర్ గ్లాసుది 0.8 చుట్టుపక్కల. రేటింగ్ బోర్డు చూసి మురిసిపోకండి, అది నీళ్ల పొదుపు, సామగ్రి, స్థలం అన్నీ కలిపిన మార్కులు. మీ గది వేడి గురించి అది విడిగా ఏమీ చెప్పదు. గ్లాసు కంపెనీ డేటా షీట్‌లో ఎస్‌హెచ్‌జీసీ అడగండి.

ఇళ్ల దగ్గర అసలు తంటా పడమర. మే మధ్య నుంచి జులై చివరిదాకా హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, దక్షిణపు కిటికీకి పెద్ద బాధ లేదు. పడమటి కిటికీకి మే నెల సాయంత్రం నాలుగింటికి రెండడుగుల సన్‌షేడ్ ఇచ్చే నీడ అడుగున్నరే. నాలుగడుగుల కిటికీలో మిగతా రెండున్నర అడుగులూ ఎండే. అయిదయితే ఇంకా లోపలికి వస్తుంది. సన్‌షేడ్ పొడిగించినా పెద్దగా లాభం లేదు. కిటికీకి బయటివైపు నిలువు పలకలో, చాపలో, వట్టివేళ్ల తడికో కావాలి. లోపలి కర్టెన్ పనికిరాదు, వేడి అప్పటికే గ్లాసు దాటేసి ఉంటుంది. ఎలివేషన్, అంటే భవనం బయటి రూపం, చెడుతుందని బయట ఏమీ కట్టనివ్వని అసోసియేషన్లున్నాయి. సేల్ అగ్రిమెంట్ మీద సంతకానికి ముందే ఆ రూలు చదవండి. మోడల్ ఫ్లాట్ చూడ్డానికి ఆదివారం పొద్దున రమ్మంటే, ఏసీ ఆపించి, సాయంత్రం నాలుగింటికి వస్తామని చెప్పండి.