దీవికి తాళం కాదు, రేవు దగ్గర కాపలా కావాలి

1918లో మకాంబో అనే ఓడ ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న లార్డ్ హోవ్ దీవి దగ్గర నేలకు తగిలి ఇరుక్కుపోయింది. కొద్ది రోజులకు బయటపడి తన దారిన తాను వెళ్లిపోయింది. కానీ ఈలోపు అందులోని నల్ల ఎలుకలు ఒడ్డెక్కేశాయి. ఆ దీవిలో అప్పటికి 80 ఏళ్లకు పైగా మనుషులు కాపురం ఉంటున్నారు, వాళ్లూ కొన్ని రకాల పక్షుల్ని వేటాడి మాయం చేశారనుకోండి, ఆ పాపం వాళ్లది. అయితే ఎలుకలు వచ్చాక కొన్నేళ్లలోనే మరో ఐదు రకాల పక్షులు పూర్తిగా అంతరించిపోయాయి. అరచేయంత పొడవుండే ఒక పుల్లపురుగు కూడా అంతరించినట్టే అనుకున్నారు, 2001లో పక్కనే సముద్రంలో నిటారుగా నిలబడ్డ ఒక బండ మీద అది మళ్లీ కనిపించింది.

ఆ ఎలుకల్ని వదిలించుకోవడానికి నూరేళ్లు పట్టింది. 2019లో దీవి అంతా విషపు ఎర పెట్టారు, ఇళ్ల మధ్యలో కూడా. అంతకుముందే పశువుల్ని అక్కడి నుంచి తరలించారు, ఎగరలేని వుడ్‌హెన్ పక్షుల్ని పట్టి బోనుల్లో దాచారు. ఈ పని చేయాలా వద్దా అని ఊరు దాదాపు సగానికి సగం చీలిపోయింది. అన్నీ అయ్యాక 2021లో మళ్లీ ఎలుకలు కనిపిస్తే, గాలింపు మళ్లీ మొదటికొచ్చింది.

ఈ కథతో ఎందుకు మొదలుపెట్టానంటే, తీరం దగ్గరి దీవుల్ని బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ ఒకే గాడిలో పడిపోతుంది. జనాన్ని రానిస్తే అంతా నాశనమే, మూసేయండి అంటారు కొందరు. మా పన్నుల డబ్బుతో బాగుచేసి మమ్మల్నే రావద్దంటారా అని ఇంకొందరు గొడవకి దిగుతారు. రెండు వర్గాలూ తలుపు తెరవాలా మూయాలా అనే మాట్లాడుతున్నాయి తప్ప, వచ్చేవాళ్లు ఎక్కడ దిగుతారు, ఏ నెలల్లో ఏ మేరకు నడుస్తారు, వాళ్ల సంచిలో ఏం వస్తోంది అన్న ప్రశ్న ఎవరూ వేయరు. దీవి బతకడం, చావడం నన్నడిగితే వీటి మీదే ఆధారపడి ఉంటుంది. లార్డ్ హోవ్‌లో ఇప్పటికీ జనం ఉంటున్నారు, టూరిస్టులూ వస్తున్నారు, కాకపోతే ఒక సమయానికి 400 మంది టూరిస్టులకి మించి ఉండనివ్వరు.

నేల మీద గుడ్లు పెట్టే పక్షి సంగతి కాస్త దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. అమెరికా అట్లాంటిక్ తీరంలోని ఇసుక దీవుల మీద పైపింగ్ ప్లోవర్ అని ఒక పిట్ట ఉంటుంది. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఒంటి రంగు ఎండిన ఇసుక రంగే. గూడు అంటే ఏదో కట్టుకుంటుందనుకునేరు, ఇసుకలో కాలితో గీరిన చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు, ఇసుక రంగు మీద నల్ల చుక్కలు. రెండడుగుల దూరంలో నిలబడి చూసినా కనపడవు. మనిషి దగ్గరికి వస్తే తల్లి లేచి, రెక్క విరిగినట్టు నటిస్తూ పక్కకు లాక్కుపోతుంది. అది చూసి పాపం పిట్టకి దెబ్బ తగిలిందని వెంటపడే మంచివాళ్లూ ఉంటారు, ఈలోగా గుడ్లు ఎండకి ఉడికిపోతాయి. పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే నడుస్తాయి, సొంతంగా తిండి వెతుక్కుంటాయి, ఇంకా ఎగరలేవు. ఆ ఇసుకలో కారు వెళ్తే టైరు చాలు పడుతుంది కదా, ఆ చాలులో దిగిన పిల్లకి పైకెక్కడం కష్టం. భయమేస్తే అది పరిగెత్తదు, అక్కడే నేలకి అతుక్కుని కూర్చుంటుంది. వెనకాల వచ్చే కారుకి అది కనిపించదు.

గుడ్లు పొదగడానికి నాలుగు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో నాలుగు. అంటే ఏడాదిలో ఓ రెండు నెలలు, అదీ తీరమంతా కాదు, గూళ్లున్న చోట. దానికి కావలసిన టెక్నాలజీ నాలుగు కర్రలు, ఒక తాడు, ఒక బోర్డు. 1986లో ఈ పిట్టని రక్షిత జాతుల జాబితాలో చేర్చినప్పుడు అట్లాంటిక్ తీరంలో 800 జంటలు కూడా లేవు, తర్వాత అవి రెండింతలు దాటడంలో ఆ తాడు పాత్ర చాలా ఉంది.

వినడానికి ఇది సులువే, చేయడం అంత సులువు కాదు. నార్త్ కరోలినాలోని కేప్ హాటెరస్‌లో తరాలుగా జనం కార్లు వేసుకుని ఇసుక మీదుగా వెళ్లి చేపలు పట్టుకునేవాళ్లు. 2007లో పర్యావరణ సంస్థలు కోర్టుకెళ్లాయి, 2008లో ఒప్పందం కుదిరింది, 2012లో పర్మిట్ తీసుకుంటేనే కారు అనే నిబంధన వచ్చింది. ఎగరని ప్లోవర్ పిల్లలు కనిపిస్తే వాటికి కిలోమీటరు దూరంలో కారు తిరగకూడదన్నారు. అంటే ఒక్క గూడు వల్ల చేపలు బాగా పడే చోటుకి దారే మూసుకుపోవచ్చు. అక్కడి వాళ్లకి కోపం రాదా మరి? వాళ్లని ప్రకృతి ద్రోహుల్లా చూపించిన రాతలు నాకు నచ్చలేదు. చివరికి 2014లో అమెరికా కాంగ్రెసే జోక్యం చేసుకుని ఆ దూరాల్ని మళ్లీ చూడమంది. గూళ్ల మీద రోజువారీ నిఘా పెంచి, దానికి బదులుగా దూరం తగ్గించారు. ఈ బేరం నాకు సబబుగానే అనిపిస్తుంది, ఎందుకంటే కాపలాకి మనిషి ఉంటే మూయాల్సిన నేల తగ్గుతుంది. మనిషిని పెట్టే డబ్బు లేనప్పుడే అధికారులు బారెడు బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటారు.

వేల్స్ తీరంలోని స్కోమర్ దీవిది మరో రకం ఇబ్బంది. అక్కడ నేల పైకి పచ్చగా గట్టిగా కనిపిస్తుంది గానీ లోపలంతా బొరియలే. మాంక్స్ షియర్‌వాటర్ పక్షులు దాదాపు మూడున్నర లక్షల జంటలు ఆ బొరియల్లో ఉంటాయి, ప్రపంచంలో అంత పెద్ద గుంపు ఇంకెక్కడా తెలియదు. పఫిన్ అనే సముద్రపు పక్షులూ బొరియల్లోనే గుడ్లు పెడతాయి. షియర్‌వాటర్‌కి కాళ్లు బాగా వెనకగా ఉండటం వల్ల నేల మీద సరిగా నడవలేదు, పగలు వస్తే గల్ పక్షులు చంపి తింటాయి, అందుకే చీకటి పడ్డాకే గూటికి చేరుతుంది. పగటిపూట వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లేవాళ్లకి ఇవి ఉన్నట్టే తెలియదు. బాట దిగి రెండడుగులు పక్కకేస్తే బొరియ కప్పు కూలిపోతుంది, దానికున్న ఒకే ఒక్క గుడ్డో పిల్లో కింద ఉండిపోతుంది. అందుకని రోజుకి 250 మందిని మాత్రమే దిగనిస్తారు, అందరూ బాట మీదే నడవాలి. టికెట్ దొరకని వాళ్లు విసుక్కుంటారు, ఆ విసుగు భరించాల్సిందే.

మరి జనం వల్ల లాభమేమైనా ఉందా అంటే, న్యూజిలాండ్‌లోని తిరితిరి మతాంగి దీవిని చూడాలి. ఆక్లండ్ నుంచి ఫెర్రీలో వెళ్లొచ్చు, దాదాపు 220 హెక్టార్లు. నూరేళ్లకు పైగా పశువుల మేతకు వాడేసరికి అసలు అడవి ఆరు శాతమే మిగిలింది. మామూలుగా అయితే ముందు కంచె వేసి, అడవి పెరిగాక జనాన్ని రానిద్దాం అంటారు. అక్కడ తలకిందులుగా చేశారు, మొక్కలు నాటే పనే సరదా ప్రయాణం అయింది. 1984 నుంచి 1994 దాకా బడి పిల్లలు, కుటుంబాలు, క్లబ్బుల వాళ్లు పడవలెక్కి వచ్చి రెండున్నర లక్షలకు పైగా మొక్కలు నాటారు. 1993లో ఎలుకల్ని పూర్తిగా ఏరేశారు, దానికి ముందూ తర్వాతా ఒక్కో పక్షినీ తెచ్చి వదిలారు. 1948 దాకా అంతరించిపోయిందనే అనుకున్న టకాహే అనే పక్షి ఇప్పుడు అక్కడ బాట పక్కనే గడ్డి పీక్కుంటూ తిరుగుతుంది. దీవి మొత్తం చెట్లతో నింపకుండా కొంత గడ్డినేల కావాలనే వదిలేశారు, సముద్రం కనపడాలని కొంత, ఆ టకాహే మేతకి కొంత. తప్పులూ జరిగాయి. మిగతా మొక్కలకి నీడ కోసమని వేసిన పొహుతుకావా చెట్లు అనుకున్నదానికంటే ఎక్కువ బతికి దట్టంగా అల్లుకుపోవడంతో, తర్వాత కొన్నిచోట్ల పల్చన చేయాల్సి వచ్చింది.

తన చేత్తో మొక్క నాటినవాడు పదేళ్ల తర్వాత పిల్లల్ని తీసుకొస్తే బాట దిగనివ్వడు. జీతానికి పెట్టుకున్న గార్డు వంద బోర్డులు పెట్టినా ఆ పని జరగదు.

ఇక సంచుల సంగతి. తిరితిరికి వెళ్లేవాళ్లు బ్యాగులు విప్పి చూసుకోవాలి, బూట్ల అడుగున మట్టి గీకేయాలి, ఎలుకే కాదు, చీమలు, కలుపు గింజలు కూడా అలాగే వస్తాయి. సీషెల్స్‌లోని కజిన్ దీవిలో ఇంకో అడుగు ముందుకేశారు. 1968లో ఒక అంతర్జాతీయ పక్షి సంరక్షణ సంస్థ దాన్ని కొనేనాటికి అదొక కొబ్బరితోట, సీషెల్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ప్రపంచం మొత్తంలో 30 లోపే మిగిలింది, అదీ అక్కడే. కొబ్బరి తగ్గించి పాత అడవిని పెరగనిచ్చారు, ఆ పిట్టలు ఇప్పుడు వేలల్లో ఉన్నాయి, వేరే దీవులకీ తీసుకెళ్లి వదిలారు. అక్కడికి టూరిస్టులు వస్తారు గానీ ఏ టూరిస్టు పడవా ఒడ్డుకి రాకూడదు. దీవి వాళ్ల సొంత పడవ ఎదురొచ్చి నీళ్లలోనే మనుషుల్ని ఎక్కించుకుంటుంది. ఎలుక రావాలన్నా ఆ పడవ మారాల్సిందే. వచ్చిన వాళ్లిచ్చే రుసుము దీవి సంరక్షణకే వెళ్తుంది. చాలాచోట్ల ఆ డబ్బు ముందు విజిటర్ సెంటర్ గోడలకీ టైల్స్‌కీ పోతుంది. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎలుక ఉచ్చులు చూసొచ్చే మనిషికి జీతం లేని చోట అద్దాల భవనం ఎందుకు?

అన్ని దీవులూ తెరిచే ఉంచాలని నేను అనను. అమెరికాలోని లూసియానా తీరంలో క్వీన్ బెస్ దీవి మునిగిపోతూ గోధుమరంగు పెలికాన్ పక్షులు గూడు కట్టుకోవడానికి ఐదెకరాలు మిగిలింది. 2010 నాటి డీప్‌వాటర్ హొరైజన్ చమురు ప్రమాద పరిహారం డబ్బుతో, 2020 మొదట్లో ఇసుక పోసి దాన్ని 36 ఎకరాలు చేశారు. ఆ చిన్న ముక్క మీద వేల పక్షులు కిక్కిరిసి ఉంటాయి, అక్కడ బాట వేయడానికి చోటెక్కడుంది? పడవలోంచి దూరంగా చూడాలి, అంతే. అలాగే మూయాల్సి వచ్చినప్పుడు మూయగలగాలి. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చి ఇంగ్లండ్‌లోని ఫార్న్ దీవుల్లో పక్షులు కుప్పలుగా చచ్చిపోతే జనం దిగడం ఆపేశారు, 2024లో ఇన్నర్ ఫార్న్‌ని మళ్లీ తెరిచారు. కుక్కల విషయంలో మాత్రం నాకు ఏ మొహమాటమూ లేదు, గూళ్లున్న దీవికి కుక్కని తేవద్దు, గొలుసు ఉన్నా సరే.

పని ఫలించిన చోట ఇంకో రకం తలనొప్పి మొదలవుతుంది. కాలిఫోర్నియా చానెల్ దీవుల్లో పిల్లి సైజు నక్క ఒకటి ఉంది. డీడీటీ అనే పురుగుమందు వల్ల అక్కడ ఎక్కువగా చేపలు తినే బాల్డ్ ఈగల్ అనే గద్ద పోయింది, ఆ ఖాళీలోకి, అడవిలో తిరిగే పందుల కోసం గోల్డెన్ ఈగల్ అనే మరో గద్ద వచ్చింది, వచ్చింది ఊరుకోకుండా నక్కల్ని తినేసింది. శాన్ మిగెల్ దీవిలో 15 మిగిలాయి, శాంటా క్రూజ్‌లో వందలోపుకి పడిపోయాయి. పందుల్ని ఏరేసి, గోల్డెన్ ఈగల్స్‌ని పట్టి ప్రధాన భూభాగంలో వదిలి, బాల్డ్ ఈగల్స్‌ని మళ్లీ తెచ్చి, నక్కల్ని బోనుల్లో పెంచి వదిలితే, 2016లో వాటిని అంతరించే జాతుల జాబితా నుంచి తీసేశారు. ఇప్పుడు శాంటా క్రూజ్‌లో టెంట్ వేసుకునేవాళ్లకి పార్కు వాళ్లు చెప్పే మొదటి జాగ్రత్త తిండి గురించే. పెద్ద కాకులైతే బ్యాగు జిప్ కూడా తీసేస్తాయి. అందుకని క్యాంపుల్లో గొళ్లెం ఉన్న పెట్టెలు పెట్టారు, వేయడం మర్చిపోతే రాత్రి భోజనం నక్క పాలే.