కంటికి చుక్కలు, నోటికి తాళం

(సాయంత్రం. కాకినాడలో ఒక ఇల్లు. సత్యనారాయణ హాల్లో నల్ల కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు.)

వరలక్ష్మి: కళ్లజోడు పవరు మార్పించుకొస్తానని వెళ్లి, ఇదేం వేషమండీ?

సత్యనారాయణ: చుక్కలు వేశారే. లైటు చూస్తే కళ్లు జివ్వుమంటున్నాయి. ఇంకో మూడు నాలుగు గంటలు అక్షరమ్ముక్క కనబడదట. ఆ చీటీ చదివిపెట్టు.

వరలక్ష్మి: "రెటీనాలో (కంటి వెనకపొరలో) అక్కడక్కడా రక్తపు మచ్చలు. షుగర్ పరీక్ష చేయించాలి." షుగరా!

సత్యనారాయణ: నాకూ అక్కడే మండింది. నేను చూపించింది కన్ను, ఆ కళ్ల డాక్టరు అడిగింది షుగరు. అది తేలకుండా పవరు చూసినా లాభం లేదట. షుగరు ఎక్కి దిగుతుంటే పవరూ మారిపోతుందట.

వరలక్ష్మి: ఇంకా ఏమన్నారు?

సత్యనారాయణ: కోత పెట్టకుండా రక్తనాళాల్ని నేరుగా చూడగలిగే చోటు కన్నేనట. షుగరైనా, బీపీ అయినా అక్కడ ఆనవాలు వదులుతుందట. "నాకు చూపు బాగానే ఉందండీ" అన్నాను. "అది తగ్గేదాకా ఆగకూడదనేగా చూసేది" అన్నాడు.

వరలక్ష్మి: మొన్న పళ్ల డాక్టరూ అడిగాడుగా! చిగుళ్ల నుంచి నెత్తురు, పైగా రెండు పళ్ల కదలిక. "షుగరుందా?" అంటే మీరేమన్నారు?

సత్యనారాయణ: పళ్లు చూడవయ్యా, జాతకం చూడకు అన్నాను.

వరలక్ష్మి: అని ఇంటికొచ్చి, గరుకు బ్రష్ కొన్నానని నా మీద పడ్డారు.

సత్యనారాయణ: చిగుళ్లకీ షుగరుకీ ఏం చుట్టరికమే?

వరలక్ష్మి: వియ్యంకుల చుట్టరికం. షుగరు పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగరు ఓ పట్టాన దిగదు. ఆయన చెబుతుంటే మీరు చెప్పులేసుకున్నారు.

సత్యనారాయణ: సరేలే. వచ్చేటప్పుడు రక్తం ఇచ్చొచ్చాను. ఫోన్లో రిపోర్టు వచ్చిందేమో చూడు.

వరలక్ష్మి: హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల షుగరు సగటు, 8.2. పక్కనే వేశారు, 6.5, ఆపైన ఉంటే షుగరేనట.

సత్యనారాయణ: నీ చదువు నేను నమ్మను. నా కళ్లతో చూస్తేగానీ ఒప్పుకోను.

వరలక్ష్మి: మిమ్మల్ని పట్టించిందే ఆ కళ్లు!

సత్యనారాయణ: నా సంగతి సరే. నీ చిగుళ్లు ఉబ్బాయన్నావుగా? కొన్ని బీపీ మాత్రలకి అలా అవుతుందని ఆ పళ్ల డాక్టరే అన్నాడు.

వరలక్ష్మి: చెప్పులేసుకుంటూ అది మాత్రం విన్నారన్నమాట! అయితే రేపట్నుంచి మాత్ర మానేస్తాను.

సత్యనారాయణ: మానేసి కొంపముంచకు. రాసిచ్చిన డాక్టరుకి చూపిస్తే ఆయనే మారుస్తాడు. రేపు ఇద్దరం వెళ్దాం. ఇంతకీ కాజాల డబ్బా ఏదీ? నేనే తెచ్చానుగా.

వరలక్ష్మి: మీ ముందే ఉంది.

సత్యనారాయణ: కనబడట్లేదే!

వరలక్ష్మి: ఆ చుక్కల మందు పేరు చెప్పండి, నెలకి సరిపడా తెప్పిస్తాను.