పెరటి నర్సరీతో నెలకు లక్షా? ముందు చదరపు అడుగులు లెక్కపెట్టండి

ఎండాకాలం చివరికొచ్చిందంటే ఫోన్ నిండా ఇవే వీడియోలు. "ఇంటి వెనక వంద గజాల్లో నర్సరీ, నెలకు లక్ష ఆదాయం." వెనక వరసగా పూలకుండీలు, ముందు నవ్వుతూ ఒకావిడ, పక్కన మైకు పట్టుకున్న అబ్బాయి. "పెట్టుబడి ఎంత మేడం, లాభం ఎంత మేడం" అని అడుగుతాడే గానీ, మే నెలలో వీటికి నీళ్ళెవరు పోస్తారని ఒక్కడూ అడగడు. ఆ వీడియో చూసినవాళ్ళు ఆ లింకే నాకు పంపి "అక్కా, మేమూ పెడదామనుకుంటున్నాం, ఎలా?" అంటారు. ఖమ్మంలో మా ఇంటి పెరట్లో మొక్కలు పెంచి అమ్ముతున్నాను కాబట్టి అడగడంలో తప్పు లేదు. విడివిడిగా అందరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ముందు ఆ లక్ష సంగతి చూద్దాం. వంద గజాలంటే 900 చదరపు అడుగులు. అందులో మనిషి నడవడానికి దారి, మట్టికుప్ప, ఎరువు కుప్ప, నీళ్ళ తొట్టి, కవర్లు నింపుకునే జాగా పోతే సగం మిగిలినా గొప్పే. మామూలుగా వాడే 6x8 అంగుళాల కవరు మట్టి నింపాక నాలుగంగుళాల వెడల్పు ఉంటుంది. ఒకదానికొకటి ఆనించి పెడితే చదరపు అడుగుకు తొమ్మిది పడతాయి. అంటే మిగిలిన 450 చదరపు అడుగుల్లో మొత్తం నాలుగు వేల కవర్లు. ఒక్కటి కూడా చావకుండా, అన్నీ ముప్పై రూపాయలకు అమ్ముడుపోయాయనుకున్నా లక్షా ఇరవై వేలు. అందులోంచి కవరు, మట్టి, ఎరువు, షేడ్‌నెట్, కరెంటు, చచ్చిన మొక్కలు, ఎవరూ కొనక కవరు చీల్చుకుని నేలలోకి వేళ్ళు దిగిపోయిన మొక్కలు, అన్నీ తీసెయ్యాలి. మొక్క కాస్త ఎదిగితే కవర్లు ఎడంగా జరపాలి, అప్పుడు నాలుగు వేలు కాస్తా రెండు వేలవుతాయి. బంతి, తులసి లాంటివి ఏడాదిలో రెండు మూడు సార్లు తిప్పొచ్చు, మందారం, మల్లె అలా కుదరవు. ఎంత సాగదీసినా ఇదంతా ఏడాది లెక్క, నెలది కాదు.

మరి వాళ్ళు చూపించే అమ్మకాలు అబద్ధమా? అన్నీ కాకపోవచ్చు. ఆ మొక్కల్లో ఎక్కువ భాగం వాళ్ళు పెంచినవి కావు, అంతే. కడియం నుంచి దించుకున్నవి. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వైపు హైవే మీద వెళ్తే రెండు పక్కలా నర్సరీలే కదా. గోదావరి ఒండ్రు, కాలవ నీళ్ళు, తరాలుగా అంట్లు కట్టే చేతులు. వాళ్ళు లారీల లెక్కన పెంచుతారు. వాళ్ళ ధరకు మన పెరట్లో మొక్కను తయారు చెయ్యడం జరగని పని. అక్కడ హోల్‌సేల్‌లో కొని, పైన కొంత వేసుకుని అమ్మడంలో పాపమేమీ లేదు. దాన్ని మొక్కల షాపు అనండి చాలు. షాపుకు రోడ్డు కావాలి, బోర్డు కావాలి, బండి ఆపుకునే చోటు కావాలి. సందులో మూడో ఇంటి వెనక పెరటికి ఎవరొస్తారు? పైగా ఆ మొక్కలే నింపుకున్న ఆటో మైకు పెట్టుకుని మీ గుమ్మం ముందుకే వస్తుంటే!

ఈ తేడా చట్టానికీ తెలుసు. సొంతంగా నర్సరీలో పెంచిన నారు మీద, మొక్కల మీద వచ్చే ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగానే చూడాలని 2008 ఫైనాన్స్ చట్టంతో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు. కొని తెచ్చి అమ్మేదానికి ఆ వెసులుబాటు లేదు, అది వ్యాపారం. మొక్కల మీద జీఎస్టీ ఎలాగూ లేదు. మన స్థాయికి పన్నుల టెన్షన్ వచ్చేంత డబ్బు రాదనుకోండి, అది వేరే మాట.

దించుకున్న మొక్కతో ఇంకో తంటా ఉంది. చుట్టూ తేమ, పైన నీడ ఉన్నచోట, బంకమట్టి ముద్దలో పెరిగిన మొక్కను తెచ్చి ఏప్రిల్‌లో ఖమ్మం ఎండలో పెడితే ఆ ముద్ద ఇటుకలా గట్టిపడుతుంది. నీళ్ళు పోస్తే పక్కల నుంచి జారిపోతాయి, వేరుకు అందవు. కొన్నావిడ "రోజూ పోశానండీ, అయినా ఎండిపోయింది" అంటుంది. ఆవిడ నిజమే చెబుతోంది.

కాబట్టి పెరట్లో పెట్టేవాళ్ళు చెయ్యగలిగిందీ, చెయ్యాల్సిందీ ఒక్కటే అని నా అభిప్రాయం: మీ ఊరి ఎండకు, మీ ఊరి బోరు నీళ్ళకు తట్టుకుని ఏళ్ళ తరబడి నిలబడిన చెట్ల నుంచి మీరే పిల్లల్ని తీసి, ఇక్కడే పెంచి, ఇక్కడే అమ్మండి. నాలుగైదు రకాలు చాలు. వంద రకాల జోలికి పోవద్దు.

కరివేపాకునే తీసుకోండి. ప్రతి ఇంటికీ కావాలి, ఎప్పుడూ అడుగుతారు. చాలామంది తల్లిచెట్టు చుట్టూ వచ్చిన పిలకల్ని గునపంతో లాగి కవర్లో పెడతారు. వాటికి సొంత వేళ్ళు సరిగా ఉండవు, తల్లివేరు మీదే బతుకుతుంటాయి. సగం వాడిపోతాయి. విత్తనంతోనే మొక్క బాగా వస్తుంది, కానీ దాన్ని దాచకూడదు. వానాకాలంలో కాయ నల్లగా పండగానే కోసి, పైన గుజ్జు కడిగేసి, ఒకటి రెండు రోజుల్లో నాటెయ్యాలి. మూడు వారాలు దాటితే మొలక అనుమానమే. ఆన్‌లైన్‌లో ప్యాకెట్లలో ఎండిన కరివేపాకు విత్తనాలు కొని "ఒక్కటీ మొలవలేదు" అని ఏడ్చేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

మల్లె కొమ్మలు వానల్లో పెట్టాలి. మార్చిలో వీధిలో మల్లెపూల వాసన మొదలవగానే "మల్లె మొక్క ఉందా" అని వస్తారు. అప్పుడు కొమ్మ పెడితే ఎవరికి ఉపయోగం? చామంతి ఇంకా తమాషా. పొద్దు తగ్గితేనే మొగ్గ వేస్తుంది. చలికాలంలో పూలయ్యాక వచ్చే పిలకల్ని ఎండాకాలమంతా నీడలో ప్రాణాలతో కాపాడుకుంటే, జూన్, జూలైల్లో చివర్లు తుంచి కవర్లలో పెట్టుకోవచ్చు. ఎండాకాలంలో ఆ పిలకలకు ఒక్క రూపాయి రాదు. చూసినవాళ్ళు "ఈ గడ్డెందుకు పెంచుతున్నావు" అంటారు. కార్తీకానికి తులసి, ఉసిరి ఎలాగూ పోతాయి, ముందే సిద్ధం చేసుకోవాలి. వినాయక చవితికి ముందు రోజు మాత్రం అందరూ వస్తారు, మొక్క కోసం కాదు, పత్రి కోసం.

మందారంలో నాటు ఎర్ర మందారం, ముద్ద మందారం పెన్సిలంత లావు కొమ్మ గుచ్చినా బతుకుతాయి. అరచేయంత పూలుండే హైబ్రిడ్లు అంత తేలిగ్గా వేరు పట్టవు, వాటిని అంటు కడతారు. ఇక్కడో వ్యాపార రహస్యం కూడా చెబుతాను: పువ్వు లేని మొక్కను ఎవరూ కొనరు. ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే. ఈనెలు తేలిన బక్క మొక్కకు ఒక్క పువ్వుంటే దాన్నే తీసుకుంటారు.

నీడ చెట్ల జోలికి వెళ్ళకండి. వేప, కానుగ, గుల్‌మొహర్ డబ్బులిచ్చి కొనేవాళ్ళు లేరు. 2015లో ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారం పథకం మొదలయ్యాక తెలంగాణలో ఊరూరా పంచాయతీ నర్సరీలే వచ్చాయి, అక్కడ ఊరికే ఇస్తారు.

ఇక పండ్ల మొక్కలు. దీని గురించి నాకు నిజంగానే కోపం ఉంది. పూలమొక్క తేడా అయితే నెలలో తెలుస్తుంది. మామిడి అంటు తేడా అయితే నాలుగైదేళ్ళ తర్వాత కాయ చూశాకే తెలుస్తుంది. అప్పటికి అమ్మినవాడు ఎక్కడుంటాడో! ఇందుకే ఉమ్మడి రాష్ట్రంలో 2010లో ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్‌కు చట్టం తెచ్చారు. తల్లిచెట్టు ఏదో తెలియకుండా పండ్ల మొక్క అమ్మకూడదన్నది మామూలు ఇంగితం. అయినా ఇప్పుడు ఎవరిని చూసినా మియాజాకి మామిడే. లక్షల ధర పలికే పండు, మీ ఇంట్లోనూ కాస్తుంది అని వేలకు వేలు తీసుకుని మొక్కలు అంటగడుతున్నారు. ఆ రకం పేరు ఇర్విన్, పుట్టింది అమెరికాలోని ఫ్లోరిడాలో. జపాన్‌లోని మియాజాకి ప్రాంతంలో గ్రీన్‌హౌస్‌లలో పెంచి, కనీసం 350 గ్రాముల బరువు, బ్రిక్స్ అనే తీపి కొలతలో 15 డిగ్రీలు ఉన్న కాయలకే ప్రత్యేక బ్రాండు ముద్ర వేస్తారు. ఆ ధర ఆ పెంపకానికీ ఆ ముద్రకూ. మన దొడ్లో కాసిన కాయకు ఆ ధర ఎవరిస్తారు? బంగినపల్లి పుట్టిన నేల మీద నిలబడి మనం దీనికి మోసపోవడం నాకు మింగుడు పడదు. అంటు కట్టడం మీకు నిజంగా వచ్చి, తల్లిచెట్టు మీ కళ్ళముందుంటే తప్ప పండ్ల మొక్కలు అమ్మకండి.

కొనేవాళ్ళ గురించి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తికాదు. మూడు నెలలు పెంచిన నందివర్ధనాన్ని నలభై అంటే "ఇరవైకివ్వండి ఆంటీ, మట్టే కదా" అంటారు. అదే నోటితో మాల్‌లో కాఫీకి రెండు వందల యాభై ఇస్తారు, అక్కడ బేరం ఉండదు. ఇంకొందరు మొక్క అసలే కొనరు. "ఒక కొమ్మ తుంచుకుంటానే" అని అడగక ముందే తుంచేస్తారు. మనీప్లాంటు అయితే దొంగిలిస్తేనే కలిసొస్తుందని నమ్మకం కదా, మా గేటు పక్కన తీగ ఎప్పుడూ మొండిగానే ఉంటుంది. నెల తర్వాత చచ్చిన మొక్కను తెచ్చి డబ్బు వెనక్కివ్వమనేవాళ్ళూ ఉన్నారు. చూస్తే అడుగున చిల్లు లేని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రోజూ రెండు పూటలా నీళ్ళు. వేరు కుళ్ళిపోయి ఉంటుంది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూనే ఉంటాను: వేలు మట్టిలో గుచ్చి చూడండి, తడిగా ఉంటే ఆ రోజు పోయకండి.

నేను అన్నిటికంటే ముందు చెప్పాల్సింది కూలీ గురించి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 44, 45 దాకా వెళ్తుంది. గ్రీన్‌నెట్ కింద కూడా చిన్న కవరు మధ్యాహ్నానికే ఆరిపోతుంది. రెండు పూటలా నీళ్ళు పట్టాలి, అమ్మకాలు మాత్రం సున్నా. ఊరెళ్ళాలన్నా, పెళ్ళికి రెండు రోజులు ఉండాలన్నా ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆ ఎవరో చాలా ఇళ్ళల్లో అత్తగారో, అమ్మో, లేకపోతే కోడలో. వంగి కలుపు తీసేది వాళ్ళే. తుంగ గడ్డ ఒకసారి కవర్లలోకి వచ్చిందంటే తియ్యలేక చస్తాం. ఆకు వెనక పిండినల్లి తుడిచేదీ వాళ్ళే. వాళ్ళకు రోజుకూలీ కట్టి లెక్క వేస్తే ఎన్ని పెరటి నర్సరీలు లాభంలో ఉంటాయో మీరే వేసి చూడండి. మైకు అబ్బాయి "పెట్టుబడి ఐదు వేలే" అని చెప్పినప్పుడు ఈ కూలీ అందులో ఉండదు.

నేనెందుకు చేస్తున్నాను మరి? నాకు ఇష్టం, ఇంట్లో జీతం వేరే ఉంది, వచ్చేది నా ఖర్చులకు సరిపోతుంది. ఈ మూడింట్లో ఒక్కటి లేకపోయినా చెయ్యమని చెప్పను. అప్పు తెచ్చి మాత్రం అసలు పెట్టకండి.

అయినా పెట్టాలనే ఉంటే మృగశిర కార్తెకు మొదలుపెట్టండి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు. ఇసుక ధర మండిపోతుంటే రైస్‌మిల్లులో కాల్చిన ఊక అడగండి. పచ్చి పేడ వెయ్యకండి, వేరుపురుగు వస్తుంది. నల్లరేగడి వద్దు, కవర్లో బిగుసుకుపోతుంది. కవర్లు కిలో లెక్కన అమ్ముతారు, మొదటి ఏడాదికి ఒక్క కిలో చాలు. కొమ్మలు కావలసినవాళ్ళు వానలు పడ్డాక మా ఇంటికి రండి. ముద్ద మందారం, నందివర్ధనం ఉన్నాయి. కొమ్మ ఊరికే ఇస్తాను. వేరొచ్చిన మొక్క కావాలంటే మాత్రం నలభై రూపాయలు, బేరం లేదు.