తలనూనెకు ఉన్న పూచీ మ్యానిఫెస్టోకు లేదు

2024 మే 11 ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల ప్రచారానికి చివరి రోజు. ఆ రోజు నటుడు అల్లు అర్జున్ నంద్యాలలో తన మిత్రుడు, వైఎస్సార్‌సీపీ అభ్యర్థి శిల్పా రవిచంద్ర కిశోర్ రెడ్డి ఇంటికి వచ్చారు. ఆయనను చూడటానికి వీధి పట్టనంత జనం చేరారు. అనుమతి లేకుండా జనాన్ని పోగు చేశారని పోలీసులు కేసు పెట్టగా, నవంబరులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఎన్నికలో ఆ అభ్యర్థి ఓడిపోయి, తెలుగుదేశం అభ్యర్థి ఎన్.ఎం.డి. ఫరూక్ గెలిచారు. తాను ఏ పార్టీ తరఫునా రాలేదని, స్నేహితుడి కోసమే వచ్చానని నటుడు చెప్పారు. ఆ మాటను శంకించవలసిన పని లేదు. నన్ను కలవరపెట్టింది ఆ తర్వాత సాగిన చర్చ. కర్నూలు–కడప (కె.సి.) కాలువ చివరి భూములకు నీరు ఎలా అందుతుందో, కొత్తగా జిల్లా కేంద్రమైన ఊరికి ఏం కావాలో అడగవలసిన ఆఖరి గంటలన్నీ ఒక సినీ కుటుంబంలో ఎవరు ఎవరి పక్షమన్న తర్కంలో గడిచిపోయాయి.

తారలను చూసి జనం ఓట్లు వేస్తారన్నది మన రాజకీయాల్లో ఏళ్ల తరబడి పాతుకుపోయిన అపోహ, దాన్ని మన ఎన్నికల చరిత్రే పదేపదే కాదంటోంది. 1989లో ఎన్.టి. రామారావు అంతటివారు కల్వకుర్తిలో ఓడిపోయారు. 2009లో చిరంజీవి తిరుపతిలో గెలిచినా, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడారు. 294 స్థానాల శాసనసభలో ఆయన స్థాపించిన ప్రజారాజ్యానికి దక్కినవి 18. పవన్ కల్యాణ్ 2019లో భీమవరం, గాజువాక రెండింటా ఓడిపోయారు. సభకు వచ్చి ఈలలు వేసినవాడే పోలింగు రోజున వేరే గుర్తుపై నొక్కగలడు. ఓటరు వివేకం మీద నాకు అనుమానం లేదు. తార ఓటును కొనలేడు గాని, ప్రశ్నకు దక్కవలసిన సమయాన్ని తీసుకుపోగలడు. అసలు నష్టం అక్కడుంది.

1983లో ఎన్.టి. రామారావు సాగించిన ప్రచారాన్ని గుర్తు చేసుకుంటే తేడా స్పష్టమవుతుంది. ఆకర్షణ విషయంలో దానికి సాటి వచ్చే ప్రచారం తెలుగు నేల మీద మరొకటి జరగలేదు. కాకీ దుస్తులు, చైతన్యరథం, అర్ధరాత్రి దాకా దారి పొడవునా ఎదురుచూసే జనం, ఇవన్నీ నిస్సందేహంగా ప్రదర్శనలోని భాగాలే. అయితే ఆ రథం మీది నుంచి వినిపించిన మాటల్లో కిలో బియ్యం రెండు రూపాయలన్నది ఒకటి. దానికి ధర ఉంది, తూకం ఉంది, మాట తప్పితే పేదవాడు కూడా పట్టుకోగల కొలత ఉంది. అందుకే నాటి కాంగ్రెస్ ప్రభుత్వం తానూ రూపాయి తొంభై పైసలకే ఇస్తానని పోటీకి దిగవలసి వచ్చింది. హంగు ఎంత ఉన్నా వాదం చివరికి బియ్యం ధర దగ్గరికి చేరింది. 2009లో అదే కాకీ రంగును మనవడు జూనియర్ ఎన్టీఆర్ వేసుకుని తెలుగుదేశం కోసం ఊరూరా తిరిగారు. ఆ పార్టీ అప్పుడు నగదు బదిలీని వాగ్దానం చేసింది. ఎంత మందికి, ఏ ఆదాయం నుంచి అన్న ప్రశ్నలకన్నా తాతను తలపించిన ఆ రూపమే ఎక్కువగా చర్చకు వచ్చింది. పార్టీ అధికారానికి రాలేదు, ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి.

ఇక సమయం సంగతి. 2024లో నామినేషన్ల ఉపసంహరణకు గడువు ఏప్రిల్ 29న ముగిసింది, ప్రచారం మే 11 సాయంత్రంతో ఆగింది. వైఎస్సార్‌సీపీ మ్యానిఫెస్టో ఏప్రిల్ 27న, తెలుగుదేశం–జనసేనల ఉమ్మడి మ్యానిఫెస్టో ఏప్రిల్ 30న వెలువడ్డాయి. రాష్ట్ర ఖజానాను ఐదేళ్లపాటు నడిపించబోయే పత్రాలను చదివి, లెక్క వేసి, అభ్యర్థిని నిలదీయడానికి ఓటరుకు మిగిలినవి పన్నెండు, పదమూడు రోజులు. తెలుగుదేశం సూపర్ సిక్స్ అని పిలిచిన ఆరు హామీలు అంతకు ఏడాది ముందే ప్రజల ముందుకు వచ్చిన మాట నిజమే గాని, పూర్తి పత్రం మాత్రం అప్పుడే చేతికందింది. ఆ కొద్ది రోజుల్లో ఒక సాయంత్రం రోడ్‌షోకు పోతే, అది ఓటరు చేతిలోంచి జారిపోయిన సాయంత్రమే.

చట్టం కూడా పరోక్షంగా ఈ ధోరణికి ఊతమిస్తోంది. మన రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షల రూపాయలు. వీధి చివర చిన్న సభ పెట్టి ప్రశ్నలకు జవాబులు చెబుతానంటే కుర్చీలు, మైకు, టెంటు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. గుర్తింపు పొందిన పార్టీ 40 మంది వరకు స్టార్ క్యాంపెయినర్ల, అంటే తన ముఖ్య ప్రచారకుల పేర్లు ఇవ్వవచ్చు. వారి ప్రయాణ ఖర్చు, హెలికాప్టరైనా సరే, అభ్యర్థి ఖాతాలో పడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 77వ సెక్షన్ చెబుతుంది. వేదిక మీద అభ్యర్థి పక్కన కూర్చుంటే సభ ఖర్చులో వాటా పడుతుందనేది వేరే విషయం. స్వతంత్ర అభ్యర్థికి ఈ వెసులుబాటు లేదు.

దీని పక్కనే 2019 వినియోగదారుల రక్షణ చట్టాన్ని పెట్టి చూడండి. తలనూనె గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించిన నటుడికి ఆ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు. ఏడాది పాటు ప్రకటనల్లో నటించకుండా నిషేధించే అధికారమూ ఉంది. ప్రకటనలోని మాట నిజమో కాదో ముందుగా శ్రద్ధగా సరిచూసుకున్నానని నిరూపించుకుంటేనే ఆయనకు మినహాయింపు. అదే నటుడు ఒక పార్టీ వేదిక మీద నిలబడి లక్షల కుటుంబాలకు సంబంధించిన హామీని తన నోటితో పలికినప్పుడు, అందులో ఒక్క అంకెనైనా సరిచూశారా అని అడిగే అధికారం ఎవరికీ లేదు. వెంట్రుకలు రాలడం ఆగుతుందన్న మాటకు ఉన్న పూచీ, పిల్లల చదువుకు డబ్బిస్తామన్న మాటకు లేకపోవడం నాకు తీవ్రమైన అన్యాయంగా కనిపిస్తుంది.

నటులను వేదికలకు దూరంగా ఉంచాలని నేను కోరడం లేదు. వారూ పౌరులే, తమ ఇష్టాన్ని చెప్పే హక్కు అందరిలాగే వారికీ ఉంది. మ్యానిఫెస్టో హామీలు ఎన్నికల చట్టం చెప్పే అవినీతి చర్య కిందికి రావని సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది కనుక, జరిమానాల దారి ఇక్కడ కుదరదు, కుదరాలని కోరడం కూడా ప్రమాదమే. అయితే స్టార్ క్యాంపెయినర్ల జాబితాలో లేని తార ప్రచారానికి వచ్చినప్పుడు పారితోషికం ముట్టిందా, ముడితే ఎంత, ఎవరు ఇచ్చారు అన్నది ప్రచారం ముగియకముందే బయటపెట్టించడానికి వాక్‌స్వాతంత్ర్యం అడ్డు రాదు. మ్యానిఫెస్టోలను నామినేషన్ల కన్నా ముందే విడుదల చేయించడానికీ అడ్డు రాదు. ఆ రెండూ చేస్తే తార వచ్చిన రోజున కూడా జనం చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఆ కాగితం ఎలా ఉండాలో ఎన్నికల సంఘమే 2022 అక్టోబరులో ఒక నమూనా తయారు చేసి పార్టీల అభిప్రాయం అడిగింది. హామీ ఎవరికి వర్తిస్తుంది, ఎంత ఖర్చవుతుంది, డబ్బు కొత్త పన్నుతో తెస్తారా, అప్పుతో తెస్తారా, మరో పద్దులో కోత పెట్టి తెస్తారా అని అందులో గడులున్నాయి. 2024లో మన రెండు ప్రధాన పక్షాల మ్యానిఫెస్టోలూ ఆ గడులు నింపకుండానే ప్రజల ముందుకు వచ్చాయి.