రంగు కుదిరితే బండి కుదిరినట్టే

బుల్లి రేసు బండి లాంటి ఎలక్ట్రిక్ గో-కార్ట్ ఒకటి మా ఇంట్లో తయారైంది. తయారైంది అంటే రంగు వేయడం పూర్తయిందని అర్థం. నడవడం, తిరగడం, ఆగడం లాంటివి చిల్లర పనులు, మెల్లగా చూసుకోవచ్చు. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. నాలుగు నెలల కాలం, నలభై వేల పైచిలుకు రూపాయలు, రెండు జతల చెప్పులు అరగదీసి తెలుసుకున్నాను: యంత్రానికి ప్రాణం రంగులో ఉంటుంది. ఈ ఒక్క ముక్క ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలోనే చెప్పేస్తే, మిగతా మూడేళ్లూ పిల్లలకు కలిసొస్తాయి.

ముందు కాస్త చరిత్ర. 1956లో దక్షిణ కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన ఉండేవాడు. రేసు కార్లు కట్టడం ఆయన పని. ఇనప గొట్టాలు అతికించి, నాలుగు చిన్న చక్రాలు తగిలించి, పచ్చిక కోసే యంత్రాల కోసం తయారైన ఇంజిన్ ఒకటి వెనక బిగించి తోలాడు. అదే మొదటి గో-కార్ట్. అక్కడ ఇంటి ముందు పచ్చిక ఉంటుంది, పచ్చిక కోయడానికి యంత్రం ఉంటుంది, యంత్రానికి ఇంజిన్ ఉంటుంది. మా కాలనీలో గడ్డి సంగతి గేదెలు చూసుకుంటాయి. వాటి నుంచి ఇంజిన్ ఊడదీయడం కుదరదు కాబట్టి ఎలక్ట్రిక్ వైపు వెళ్లాం. అడిగినవాళ్లకు మాత్రం పర్యావరణం అని చెప్పాను.

ఎలక్ట్రిక్ అనగానే నిన్నగాక మొన్న పుట్టిన వింత అనుకుంటారు గానీ, రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు కరెంటుదే. 1899లో కామీల్ జెనాట్జీ అనే బెల్జియం ఆయన పారిస్ దగ్గర గంటకు 105 కిలోమీటర్ల పైన తోలాడు. ఆ కారుకు ఫ్రెంచిలో పెట్టుకున్న పేరుకు అర్థం ‘ఎప్పటికీ తృప్తి పడనిది’ అని. మా కాలనీ వాళ్లని చూడకుండానే ఆ పేరు ఎలా తట్టిందో!

మా వాడికి పదేళ్లు. వేసవి సెలవుల్లో ఫోన్ లాక్కుంటే ఏదో ఒకటి చేయించాలి కదా అని మొదలుపెట్టాం. లారీ బాడీలు కట్టడంలో పేరుమోసిన ఆటోనగర్ విజయవాడలో మాకు పావుగంట దూరం. అక్కడ దొరకనిది లేదు. పాత ఈ-ఆటో నుంచి తీసిన 48 వోల్టుల, 1000 వాట్ల మోటారు, దాని కంట్రోలర్, యాక్సిలరేటర్ పెడల్ దొరికాయి. 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరసగా కలిపితే 48. ఒక్కోటి పాతిక కిలోలు. నాలుగూ పెట్టేసరికి క్వింటాలు. మా వాడు ముప్పై కిలోలు. అంటే బండి ముఖ్యంగా బ్యాటరీలను షికారు తిప్పుతుంది, పిల్లాడు తోడు వెళ్తాడు.

ఫ్రేము దగ్గర వెల్డర్‌కి, నాకు సిద్ధాంత విభేదాలు వచ్చాయి. ఆయన జీఐ పైపు వేద్దామన్నాడు, తుప్పు పట్టదని. జీఐ పైపు మీద జింకు పూత ఉంటుంది, వెల్డింగ్ చేస్తే ఆ పొగకి జ్వరం వస్తుందని నేను చదివాను. “పాలు తాగితే పోద్ది సార్” అన్నాడు. పాల ఖర్చు నాదని తెలిసి పూత లేని మామూలు ఎంఎస్ (ఉక్కు) పైపుకు ఒప్పించాను. తర్వాత అసలు తగాదా. గో-కార్ట్‌కు షాకబ్జార్లు ఉండవు, మలుపులో రెండు వెనక చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు, వెనక ఇరుసంతా ఒకటే కడ్డీ. మలుపులో ఫ్రేము కాస్త మెలితిరిగి, లోపలి వైపు వెనక చక్రం నేలను వదిలితేనే బండి చక్కగా తిరుగుతుంది. అంటే ఫ్రేము కొంచెం వంగాలి. ఈ మాట వినగానే వెల్డర్ నా వైపు జాలిగా చూశాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో వంగే ఫ్రేము అడిగిన గిరాకీని చూడలేదట. నేను టీకి వెళ్లొచ్చేలోపు మూడు యాంగ్లర్లు (ఎల్ ఆకారపు ఇనప బద్దీలు) అడ్డంగా వేసి అతికించేశాడు. “ఇప్పుడు సిమెంటు బస్తాలేసినా ఏం కాదు సార్.” నిజమే. కాకపోతే మా వాడు సిమెంటు బస్తా కాదు.

స్టీరింగ్ సంగతి ఇంకా చిత్రం. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాల్లో లోపలిది బయటిదాని కంటే ఎక్కువ తిరగాలి. లేకపోతే టైర్లు నేలకేసి రాసుకుంటాయి. ఈ కిటుకు మ్యూనిక్‌లో గుర్రబ్బళ్లు కట్టే లాంకెన్‌స్పెర్గర్‌ది. 1818లో లండన్‌లో ఆయన తరఫున పేటెంటు రాయించిన అకర్‌మన్ పేరు మాత్రం నిలిచిపోయింది. పని ఒకరిది, పట్టా ఇంకొకరిది. మనకేమైనా కొత్తా? నేను నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, దారాలు కట్టి, రెండు రాత్రులు కూర్చుని ఆ కోణాలు కుదిర్చాను. చెబుతున్నానని కాదు గానీ, బాగా కుదిరాయి. దాని గురించి ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు.

అడిగిందల్లా రంగు గురించే.

బండి తుప్పు పట్టకుండా ముందుగా వేసే రెడ్ ఆక్సైడ్ పూసుకుని వాకిట్లో నిలబడ్డ రోజు నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లు ఇరవై ముగ్గురు. నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. అందులో ఇరవై మంది “ఏం రంగు వేయిస్తున్నారు?” అన్నారు. ఒకాయన “ఎంతిస్తుంది?” అన్నాడు. పెట్రోలు ట్యాంకు కోసం వంగి చూసి కూడా అన్నాడు. ఇంకొకాయన మొత్తం ఖర్చు అడిగి తెలుసుకుని, ఆ డబ్బుకి పాత స్కూటీ వచ్చేదని బాధపడి వెళ్లాడు. పాలబ్బాయి ఒక్కడు “ఆగుద్దా సార్?” అన్నాడు. అతను పెద్దగా చదువుకోలేదు కాబట్టి ఆ ప్రశ్నను పరిగణనలోకి తీసుకోలేదు.

రంగంటే తేలికా? మన రాష్ట్రంలో రంగు సుప్రీంకోర్టు దాకా వెళ్లిన విషయం. గ్రామ పంచాయతీ భవనాలకు వేసిన అప్పటి అధికార పార్టీ రంగులు తీసేయాలని 2020లో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం వారు మధ్యలో మట్టి రంగు పట్టీ ఒకటి చేర్చి, ఇప్పుడది పార్టీ జెండా కాదని సర్దిచెప్పబోయారు. కోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులోనూ చుక్కెదురైంది. అన్ని నెలల్లో ఆ భవనాల్లో కుళాయి వస్తోందా, కప్పు కారుతోందా అని మాట్లాడుకున్నవాళ్లు నాకు కనబడలేదు. అది సరైన పద్ధతే. కప్పు కారితే ఆ కింద కూర్చున్నవాడికే తెలుస్తుంది. రంగు రోడ్డు మీద వెళ్లే అందరికీ కనిపిస్తుంది. ప్రజాస్వామ్యంలో మెజారిటీ ముఖ్యం.

అందుకని మేమూ ఇంట్లో అఖిలపక్షం పెట్టుకున్నాం. పసుపు అనుకున్నాం. బండి దూరం నుంచి కనబడుతుంది, మంచిది. కానీ వీధి మొదట్లో ఉండే ఆయన “ఓహో, సైకిలా!” అంటాడు. నీలం వేస్తే ఫ్యాను. ఎరుపు వేస్తే ఇంకా చిక్కు, గాజు గ్లాసా, కంకి కొడవలా అని రెండు వైపుల వాళ్లూ చందాకి వస్తారు. కాషాయం సంగతి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిది గులాబీ అన్నాడు. గులాబీ వేస్తే కారు గుర్తంటారు కదరా అంటే, “బావా, ఇది నిజంగా కారే కదా” అన్నాడు. ఆకుపచ్చ ఒక్కటే మిగిలిందనుకుంటే, సొంత ఎలక్ట్రిక్ బండ్ల నంబరు ప్లేటు ఆకుపచ్చ, దాని మీద తెల్ల అక్షరాలు, కాబట్టి బండంతా నంబరు ప్లేటులా ఉంటుందని ఎదురింటి మాస్టారు అభ్యంతరం చెప్పారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టర్. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ కూడా ఆయనే చెప్పారు. మైనర్ బండి తోలి నేరం చేస్తే సంరక్షకుడికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. రోడ్డెక్కకుండా పక్కన ఖాళీ స్థలంలోనే తిప్పుతామని, మొదటి రోజు నేనే తోలతానని మాటిచ్చాను.

మా వాడు మాత్రం మొదటి నుంచీ నలుపే అంటున్నాడు. నలుపుకి పార్టీ లేదు. కానీ మా అత్తయ్య ఉన్నారు. శ్రావణమాసం పూటా కొత్త బండికి నల్లరంగేంటి నాయనా అన్నారు. పిల్లాడు అన్నం మానేశాడు. అత్తయ్య మాట్లాడ్డం మానేశారు. మనవడి ఆకలి ముందు సంప్రదాయం రెండు పూటలు ఆగి, మూడో పూట లొంగింది.

ఇక్కడ పెయింటర్ గురించి చెప్పాలి. చేతిలో పనున్న మనిషి. పుట్టీ పెట్టి, తడిపి రుద్దే 220 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 400 దాకా రుద్ది, సర్ఫేసర్ కొట్టి, మళ్లీ రుద్దాడు. మూడు రోజులు రుద్దుడే. వెల్డింగ్ ముద్దలన్నీ మాయమై, అతుకెక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అతుకు గట్టిగా ఉందో లేదో అంతకుముందు చూస్తే తెలిసేది, ఇప్పుడు తెలియదు. పుట్టీకి ఇంత శక్తి ఉందని తెలిస్తే కాంట్రాక్టర్లు సిమెంటు వాడతారా?

హార్డెనర్ కలిపే పీయూ పెయింటు మంచిదన్నాడు. రేటు విన్నాక, థిన్నర్ ఎగిరిపోగానే ఆరిపోయే చవక రకం ఎన్‌సీ పెయింటు కూడా మంచిదేనని నాకు తోచింది. స్ప్రే కొట్టే రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. “తేమ ఉంది సార్, ఇయ్యాల కొడితే తెల్లబడిద్ది” అన్నాడు పెయింటర్. అందులో శాస్త్రం ఉంది. రంగుని పల్చన చేసే థిన్నర్ చాలా తొందరగా ఆవిరైపోతుంది, పోతూ పోతూ ఆ లోహాన్ని చల్లబరుస్తుంది, గాల్లో ఉన్న తేమ దాని మీద దిగి రంగులో ఇరుక్కుంటుంది. మెల్లగా ఆరే థిన్నర్ కొంచెం కలిపితే గండం గట్టెక్కవచ్చు. ఆ రోజు వరలక్ష్మీ వ్రతం, కొట్టు కట్టేశారు. ముహూర్తం దాటిపోతోందని అత్తయ్య, స్కూలు బస్సు వచ్చేలోపు చూడాలని మా వాడు. కొట్టమన్నాను.

కొట్టేముందు మాస్టారు కళ్లజోడు సవరించుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. వెనక ఇరుసుకి పాత బైకు నుంచి తీసిన బ్రేకు డిస్కు బిగించి ఉంది. బండి మొత్తానికి అదొక్కటే బ్రేకు. “అంతా బాగుంది గానీ బాబూ, ఈ పళ్లెం మాత్రం తుప్పుతో అసహ్యంగా ఉంది. దీనికీ రెండు చేతులు వేయించు” అన్నారు. పెద్దవారి మాట. పెయింటర్ నా వైపు చూశాడు, నేను మాస్టారి వైపు చూశాను. డిస్కుకీ, దాన్ని పట్టుకునే ప్యాడ్లకీ కలిపి నల్లగా, తళతళలాడేలా రెండు కోట్లు పడ్డాయి. బ్రేకు తొక్కగానే మోటారుకి కరెంటు ఆపే వైరు ఒకటి కంట్రోలర్ నుంచి వేలాడుతూ ఉంటుంది. బయటికి కనబడితే బాగోదని దాన్ని లోపలికి మడిచి టేపు చుట్టేశాం.

సాయంత్రానికి వాన పడింది. బండి తెల్లబడింది. మొత్తం తెల్లగా కాదు, నలుపు మీద పల్చటి పాలమీగడ పరిచినట్టు ఒక బూడిద రంగు. నాకు గుండె జారింది. మర్నాడు వచ్చినవాళ్లు మాత్రం నోరెళ్లబెట్టారు. “మ్యాట్ ఫినిషా? పెద్ద కార్లకి వేస్తారే, అదేనా?” అన్నాడు వీధి మొదటాయన. అవునన్నాను. ఏ పార్టీకీ చెందని రంగు దొరికినందుకు ఆయన మొహంలో కాస్త నిరాశ కనిపించింది. అత్తయ్య చూసి “విభూతి రంగు, శివుడి దయ” అని కళ్లకద్దుకున్నారు. మా వాడికి ఎండలో నల్లగానే కనబడుతోంది. నాలుగు నెలల్లో ఇంట్లో అందరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఆ పని నా సుద్దముక్క చేయలేదు, అకర్‌మన్ చేయలేదు. వాన చేసింది.

బావమరిది వెనక బోర్డు మీద ‘నన్ను చూసి ఏడవకురా’ అని రాయించాడు. ఆటోనగర్‌లో ఏ బండి వెనకైనా ఇలాంటి మాట ఉంటుంది. ‘నేను ఆగగలను’ అని రాసుకున్న బండిని మాత్రం చూడలేదు. ఆ ధైర్యం ఎవరికీ లేదనుకుంటా.

ఆదివారం పొద్దున వాహన పూజ. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ, కర్పూరం. మాటిచ్చిన ప్రకారం నేనే ఎక్కాను. కాళ్లు కోసేసిన ప్లాస్టిక్ కుర్చీయే సీటు. నేను ఎనభై రెండు కిలోలు, బ్యాటరీలు క్వింటాలు, యాంగ్లర్ల బరువు వెల్డర్‌కే తెలియాలి. పళ్ల చక్రాల లెక్క ప్రకారం ఈ బండి గంటకు 30 కిలోమీటర్లు దాటాలి. ఇంత బరువుతో ఎక్కడ దాటుతుందిలే అనుకున్నాను. కరెంటు మోటారుకి ఒక గుణం ఉంది. పెట్రోలు ఇంజిన్‌లా దగ్గి, ఆలోచించి కదలదు. తొక్కీ తొక్కగానే ఉన్న బలమంతా ఒకేసారి ఇచ్చేస్తుంది. నిమ్మకాయలు చితికిన చప్పుడు ఆగేలోపు ఖాళీ స్థలం అయిపోయింది.

బ్రేకు తొక్కాను. తళతళలాడే డిస్కుని తళతళలాడే ప్యాడ్లు ఎంతో మర్యాదగా తాకాయి. స్టీరింగ్ మాత్రం అద్భుతంగా పనిచేసింది. మామిడిచెట్టుని, తులసికోటని, మా అత్తయ్యని తప్పించుకుంటూ అనుకున్న కోణంలో తిరిగి, నేరుగా మాస్టారి గేటుని ఢీకొంది. ఎవరికీ ఏమీ కాలేదు. గేటు ఒక రెక్క లోపలికి వంగింది. వెల్డర్ చెప్పినట్టే ఫ్రేముకి చిన్న సొట్ట కూడా పడలేదు.

మాస్టారు లుంగీ సవరించుకుంటూ బయటికి వచ్చారు. నేను కుర్చీలోనే ఉన్నాను. ఆయన నన్ను చూడలేదు. గేటు మీద మా బండి వదిలిన బూడిద రంగు చార దగ్గర వంగి, వేలితో రాసి, ఎండ వైపు పట్టుకుని చూసుకున్నారు.

“ఈ షేడు పేరేంటి బాబూ? ఎలాగూ గేటు బాగు చేయించాలిగా, కిటికీ గ్రిల్స్‌కి కూడా ఇదే వేయిద్దామని.”

పెయింటర్ నంబరు ఇచ్చాను. వాన పడే రోజు చూసుకుని పిలవమన్నాను.