మైక్రో షెడ్యూల్ గారికి ఒక లెక్కల మాస్టారి విన్నపం

మా కార్పొరేట్ బడి పాఠాల పట్టిక మహారాజశ్రీ మైక్రో షెడ్యూల్ గారి సముఖానికి, తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీరు క్షేమంగానే ఉంటారని తెలుసు. మీకేమైనా అయితే ముందు మా ఉద్యోగాలకే అవుతుంది.

జూన్‌లో బడి తెరిచేసరికే మీరు ఏడాది మొత్తం రాసిపెట్టుకుని వస్తారు. ఏ తేదీన ఏ అధ్యాయం, ఏ పీరియడ్‌లో ఏ లెక్క, శనివారం ఏ టెస్టు, అన్నీ మీ గడుల్లో ఉంటాయి. తొమ్మిదో తరగతి మీ లెక్కలో జనవరికే అయిపోతుంది, ఫిబ్రవరిలో పదో తరగతి మొదలవుతుంది. ముసురు పట్టి నాలుగు రోజులు బళ్లకు సెలవిచ్చినా మీ తేదీలు కదలవు. మా ఆదివారాలు కదులుతాయి. హనుమకొండలోనూ ఖమ్మంలోనూ కూకట్‌పల్లిలోనూ ఒకే రోజు, ఒకే పీరియడ్‌లో, ఒకే లెక్క ముందు పిల్లలు ఆవలించాలి. ఏ బ్రాంచిలోనైనా ఒక రోజు వెనకబడితే సాయంత్రానికల్లా బ్రాంచీల మీద అజమాయిషీ చేసే ఏజీఎం గారి ఫోను వస్తుంది.

ఇంత పకడ్బందీగా ఉండే మీ పేరు మా బ్రోషర్‌లో ఎక్కడా లేదు. అక్కడ ఉన్నది 'ప్రతి విద్యార్థిపై వ్యక్తిగత శ్రద్ధ'. ఈ ఏడు గేటు మీది ఫ్లెక్సీలో దాన్ని 'పర్సనలైజ్డ్ లెర్నింగ్' అని మార్చారు. మాటతో పాటు ఫీజు కూడా మారింది.

అబద్ధమని అనను. పిల్లవాడి ఫోటోతో ఐడీ కార్డు ఉంది, వాడి నంబరుతో ఓఎంఆర్ షీటు ఉంది. శనివారం టెస్టు అయితే సోమవారానికి వాళ్ల నాన్న ఫోనుకు వాడి పేరుతోనే మెసేజ్ వెళ్తుంది. రంగురంగుల గ్రాఫు, సబ్జెక్టువారీగా ర్యాంకు, పోయినసారి కంటే ఎంత జారాడో ఎర్ర బాణం గుర్తు. అన్నీ వాడికోసమే ప్రత్యేకంగా తయారైనవే. పాఠం తప్ప.

నా క్లాసులో ఒక అబ్బాయి ఉన్నాడు. సగానికి మూడో వంతు కలిపితే అయిదింట రెండు వంతులు అంటాడు. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపాడు. తప్పే కానీ, ఒక పద్ధతి ఉన్న తప్పు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుందిరా అని అడిగి, కాగితం మడిచి చూపిస్తే రెండు పీరియడ్లలో దారికొస్తాడు. ఆ రెండు పీరియడ్లు మీ దగ్గర లేవు. మీ ప్రకారం వాడిప్పుడు బహుపదుల్లో (పాలినోమియల్స్) ఉన్నాడు. నిజానికి వాడు ఐదో తరగతిలో ఎక్కడో ఆగిపోయాడు, ఆ సంగతి మీ గడుల్లో రాయడానికి చోటు లేదు. స్టడీ అవర్‌లో పది నిమిషాలు డౌట్స్ క్లియరెన్స్ పెట్టారనుకోండి. కానీ డౌటు రావాలంటే ముందు కొంచెమైనా అర్థం కావాలి కదండీ.

మొదటి బెంచీలో ఒకమ్మాయి. ఎండాకాలం సెలవుల్లోనే ఈ అధ్యాయం తనంతట తాను చదివేసింది. శేష సిద్ధాంతం (రిమైండర్ థీరమ్) అసలు ఎందుకు పనిచేస్తుంది సార్ అని అడిగింది. ఆ ప్రశ్నకు మీలో పీరియడ్ లేదు. రెండు మూడుసార్లు అడిగి ఊరుకుంది. ఇప్పుడు నోట్సు మార్జిన్లలో నెమళ్లు గీస్తోంది, బాగా గీస్తుంది. టెస్టులో మార్కులు తగ్గలేదు గనక తన గ్రాఫులో ఎర్ర బాణం రాదు, ఎవరికీ టెన్షన్ లేదు.

సెక్షన్ల షఫ్లింగ్ గురించి చెప్పుకోవాలి. నెలనెలా ర్యాంకుల్ని బట్టి పిల్లల్ని అటూ ఇటూ మారుస్తాం. బాగానే ఉంది, స్థాయిని బట్టి వేరు చేస్తున్నాం అనుకుంటారు వినేవాళ్లు. వేరు చేశాక మొదటి సెక్షన్‌కీ చివరి సెక్షన్‌కీ మీరిచ్చేది అదే పాఠం, అదే రోజు, అదే పేపరు. చివరి సెక్షన్ వాళ్లకు కొత్తగా తెలిసేది ఒక్కటే: తాము చివరి సెక్షన్ అని.

చట్టం గురించి కూడా ఒక మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షన్ టీచరు పనులేమిటో చెబుతుంది. 'సి' కింద, గడువులోగా సిలబస్ పూర్తి చేయాలి. దాని పక్కనే 'డి' కింద, ప్రతి పిల్లవాడి నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలి. రెండూ ఒకే సెక్షన్‌లో పక్కపక్కనే ఉన్నాయి. మిమ్మల్ని తయారుచేసినవారు 'సి' దాకా చదివి పుస్తకం మూసేసినట్టున్నారు. ఆ చట్టం 8వ తరగతితో ఆగిపోతుంది గనక తొమ్మిదిలో మీ జోలికి ఎవరూ రారు లెండి, నిశ్చింతగా ఉండండి.

మీకు నచ్చని వార్త ఒకటి. ఢిల్లీలో ప్రభుత్వ బడుల పిల్లల మీద కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని అందులో తేలింది. పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆ దూరం పెరుగుతోంది. అక్కడి కంప్యూటర్ పాఠం తరగతిని పట్టించుకోలేదు, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో చూసి అక్కడినుంచి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో తేడా కనిపించింది. బడిలో పాఠం బొత్తిగా అందనివాళ్లకు, వాళ్లు మామూలుగా నేర్చుకునేదానితో పోలిస్తే, ఎక్కువ మేలు జరిగింది.

మనకూ ట్యాబులు వచ్చాయి. నేను సంబరపడి ఆ అబ్బాయి చేత భిన్నాల పాఠం తెరిపించాను. 'ఈ అధ్యాయం మీ తరగతికి చెందదు' అని తెర మీద వచ్చింది. తీరా చూస్తే ఆ ట్యాబులోనూ మీరే ఉన్నారు. మర్నాటి పాఠం తెరవబోయిన అమ్మాయికి 'రేపు అందుబాటులోకి వస్తుంది' అని చెప్పింది. దేవుడి గుడి తలుపులు తీసే వేళలకైనా పండగ రోజుల్లో సడలింపు ఉంటుందండీ.

మిమ్మల్ని చింపేయమని నేను అడగను. వచ్చే ఏడు పబ్లిక్ పరీక్ష ఉంది, సిలబస్ అవ్వాలి, ఆ మాత్రం తెలియక కాదు. జూన్‌లో మొదటి వారం పాఠాలు పెట్టకండి. ఎవరు ఎక్కడున్నారో చూసుకోనివ్వండి. ఆ తర్వాత వారానికి రెండు గడులు ఖాళీగా వదలండి. ఒకదాంట్లో వెనకబడినవాళ్లతో కూర్చుంటాను, రెండోదాంట్లో నెమళ్ల అమ్మాయి అడిగినదానికి జవాబు చెబుతాను. ఖాళీ గడి చూస్తే ఏజీఎం గారు గాభరా పడతారు గనక అక్కడ 'రివిజన్' అని రాసుకోండి. రివిజన్‌లో ఏం జరిగిందని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇట్లు,
నేటి తేదీ ప్రకారం బహుపదులు పూర్తయినట్టు రిజిస్టరులో సంతకం పెట్టిన
మీ లెక్కల మాస్టారు