కారు సైలెన్సర్ మార్చేవాళ్లనూ ఆపాలి, బిగించేవాళ్లనూ ఆపాలి

సంక్రాంతి వస్తే భీమవరం, పాలకొల్లు, అమలాపురం రోడ్లు బయటి ఊళ్ల కార్లతో కిటకిటలాడతాయి. వాటిలో కొన్ని కంటికి కనపడకముందే చెవిన పడతాయి. సైలెన్సర్ గొడవంటే మనకు బుల్లెట్లే గుర్తొస్తాయి, కార్ల ఊసు రాదు. అది సరికాదు.

నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) దగ్గర సెకనుకు 100 సార్లు పొగను బయటికి కొడుతుంది. ఆ దెబ్బలే మనం వినే మోత. కంపెనీ సైలెన్సర్‌లో గదులు, అడ్డు రేకులు ఉంటాయి. రేకుకు తగిలి వెనక్కొచ్చిన శబ్ద తరంగం ఎదురొచ్చేదాన్ని చాలావరకు అణిచేస్తుంది. బయటి షెడ్లలో బిగించే రకాల్లో ఎక్కువగా చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ (గాజు పీచు) ఉంటుంది. ఊల్ కీచుదనాన్ని మింగుతుంది కానీ మంద్రమైన మోతను పెద్దగా ఆపలేదు. కుర్రాళ్లు మెచ్చే ‘బేస్’ అదే. వాడేకొద్దీ ఊల్ కాలి రాలిపోతే సౌండ్ ఇంకా పెరుగుతుంది. పొగ గొట్టంలో మోతను తగ్గించే మరో డబ్బా, రెజొనేటర్, తీసేస్తే హైవే మీద కారు లోపలే గుంయ్‌మంటుంది. అన్నిటికంటే ఘోరం సైలెన్సర్ కోసేసి నేరుగా పైపు వెల్డింగ్ చేయించడం. దాంతోపాటు క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పీకేస్తే విషవాయువులు శుద్ధి కాకుండానే బయటపడతాయి. పికప్ పెరుగుతుందని చెబుతారు గానీ చిన్న కారులో ఆ తేడా పెద్దగా తెలియదు.

ఆ మంద్రమైన మోతే గోదావరి డెల్టాకు పెద్ద బాధ. అలాంటి శబ్దం గాలిలో తొందరగా అరిగిపోదు. చలికాలం రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి పైగాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి, పైకి పోవాల్సిన శబ్దం కిందికే వంగుతుంది. చదునైన చేలు, కాలువ నీళ్లు దానికి అడ్డుకావు. పైగా మన ఊళ్లు చాలావరకు కాలువ గట్టు రోడ్డును ఆనుకునే ఉంటాయి. అర్ధరాత్రి ఒక్క కారు వెళితే పసిపిల్లలు, ముసలివాళ్లు ఉలిక్కిపడి లేస్తారు.

చట్టం స్పష్టంగానే ఉంది. తొమ్మిది సీట్లలోపు కొత్త కారుకు 2005 నుంచి పరిమితి 74 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగిందంటే శబ్దశక్తి పది రెట్లయినట్టే. శబ్ద పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అంటే కుదరదు, ఆ పరీక్షలో శబ్దం కొలవరు.

లోటు అమలులో ఉంది. అనుమతి లేని మార్పులకు శిక్ష చెప్పే అదే చట్టంలోని 182ఎ(4) సెక్షన్ యజమాని గురించే మాట్లాడుతుంది. బిగించిన షెడ్డు మాత్రం మర్నాడు మామూలుగానే తెరుచుకుంటుంది. పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కిస్తే ఫొటో బాగుంటుంది, షెడ్డులో సరుకు తగ్గదు. అమ్మేవాళ్లకూ బిగించేవాళ్లకూ శిక్ష పడేలా ఆ సెక్షన్‌ను సవరించాలి.

చెవితో అంచనా కట్టడం కూడా మానాలి, వాదనలు అక్కడే మొదలవుతాయి. పండగ నెలలో రావులపాలెం, సిద్ధాంతం లాంటి చోట్ల రవాణా శాఖ సౌండ్ మీటర్లతో నిలబడాలి. ఆపిన కారు పైపు మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో కొలిచి, అదే మోడల్ కంపెనీ కారు రీడింగ్‌తో పోల్చి చూడాలి. తేడా ఉంటే, కంపెనీ సైలెన్సర్ తిరిగి బిగించి చూపించేదాకా బండి వదలకూడదు.